గేటు పక్కన కరెంటు పిల్లరు: బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు, పాత ఇంటిపై అంతస్తు వేసుకునేవారు కరెంటు మీటరును ఇంటి గోడ మీద కాకుండా గేటు పక్కన సొంతంగా కట్టించుకున్న పిల్లరులో పెట్టించుకోవడం మన పట్టణాల్లో ఇప్పుడు మామూలైపోయింది. ఈ పద్ధతి మంచిదే, నేను దీనికి వ్యతిరేకిని కాను. విద్యుత్ వైరింగ్ పనిలో చాలా ఏళ్లు గడిపిన లైసెన్సుదారుడిగా నా ఆందోళన వేరు. ఆ పిల్లరు ఎలా ఉండాలో చెప్పే నమూనా చిత్రం సామాన్య గృహ యజమాని చేతికి అందడం లేదు. కట్టిన తరువాత దానిలో ఏ భాగానికి ఎవరు బాధ్యులో అతనికి ఎవరూ చెప్పడం లేదు. ఈ రెండు లోపాల వల్ల, ప్రమాదాన్ని తగ్గించడానికి వచ్చిన ఏర్పాటే కొన్ని ఇళ్ల ముందు కొత్త ప్రమాదంగా నిలబడుతోంది.

ఈ పిల్లర్ల అవసరం ఎందుకు వచ్చిందో మొదట చెప్పాలి. స్తంభం నుంచి ఇంటి కప్పు మీది ఇనుప పైపుకు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) తీగ ఆసరాతో సర్వీసు వైరు లాగడం మనకు తెలిసిన పాత పద్ధతి. వీధిని అడ్డంగా దాటే తక్కువ వోల్టేజీ లైను నేల నుంచి కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని, భవనం పక్కగా పోయే లైనుకు గోడ నుంచి 1.2 మీటర్లు, కప్పు పైన 2.5 మీటర్ల ఎడం ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు చెబుతాయి. రెండో అంతస్తు లేచి, బాల్కనీ ముందుకు వచ్చి, వీధిలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ నేల మట్టం పెరిగిన తరువాత ఈ కొలతలు నిలిచి ఉన్న వీధులు ఎన్ని ఉన్నాయో, తలెత్తి చూసే ఎవరికైనా తెలుస్తుంది. విశాఖ వాసులకు దీనికి తోడు మరో అనుభవం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు వేల స్తంభాలు కూలి, నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఆ తరువాత ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో భూగర్భ కేబుళ్లు వేశారు. కరెంటు నేలలోంచి పైకి వచ్చే వీధుల్లో వైరును కప్పు మీదికి లాగే ప్రసక్తే లేదు కాబట్టి, ప్రహరీ దగ్గరే దాన్ని అందుకునే ఏర్పాటు ఉండక తప్పదు. స్తంభాలు ఇంకా ఉన్న వీధుల్లో కూడా స్తంభం మొదలు దాకా పైపులో కేబులు దించి, అక్కడి నుంచి భూమిలో పిల్లరుకు తీసుకురావడం సరైన పని. ఆ ఖర్చు తప్పించుకోవడానికి వేలాడే వైరును మనిషి ఎత్తు కూడా లేని గేటు పిల్లరుకే నేరుగా దించేవారు ఉన్నారు. లారీ, గణేశ విగ్రహం, ఇనుప నిచ్చెన ఏది వచ్చినా ముందుగా తగిలేది ఆ వైరే.

ఇక పిల్లరు నిజంగా ఎలా తయారవుతున్నదో చూడండి. ఇటుకలతో మేస్త్రి కడతాడు, దానికి గ్రానైటు పలక అతికిస్తారు, గేటు చేసిన వెల్డింగు షాపులోనే రేకుతో బాక్సు చేయించి గేటు రంగే వేయిస్తారు. స్థలం నిర్ణయించేది తరచుగా వాస్తు సిద్ధాంతి. అగ్నికి సంబంధించింది కాబట్టి ఆగ్నేయంలోనే ఉండాలని ఆయన అంటే, స్తంభం వాయవ్యంలో ఉన్నా కేబులు ఇంటి చుట్టూ తిరిగి రావలసిందే. నమ్మకాలతో నాకు పేచీ లేదు, కానీ కేబులు పొడవు పెరిగిన కొద్దీ వోల్టేజీ పడిపోతుందని, తోటపని చేసేవారి గునపానికి అది దొరికే అవకాశం కూడా పెరుగుతుందని ఆ చర్చలో ఎవరో ఒకరు చెప్పాలి. ఎర్తింగ్, అంటే లోపం వస్తే కరెంటు భూమిలోకి పోయే దారి, చివరలో గుర్తుకు వచ్చే పని. రెండు అడుగుల జీఐ కడ్డీని మట్టిలో దిగగొట్టి, దానికి సన్నని తీగ చుట్టి, పైన సిమెంటు పూసేస్తే ఎర్తింగ్ అయిపోయినట్టే లెక్క.

ఆ ఒక్క బాక్సులో ఎంతమంది ఆస్తి ఉన్నదో గమనించాలి. సర్వీసు లైను ఖర్చు వినియోగదారుడే పెట్టుకున్నా, ఆ లైను పంపిణీ సంస్థ ఆస్తే అవుతుందని, దాని నిర్వహణ సంస్థ తన ఖర్చుతోనే చూసుకోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 2006లో అమలులోకి వచ్చిన సరఫరా సాధారణ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు. డబ్బు కట్టాం కాబట్టి కేబులు మనదేనని, చెడిపోతే మనమే మార్పించుకోవాలని అనుకుంటారు. మీటరు సాధారణంగా సంస్థదే. మీటరుకు ముందు ఉండే కటౌట్ (ఫ్యూజు పెట్టె) కూడా సరఫరాదారు ఏర్పాటు చేయవలసినదే. బాక్సు, పిల్లరు, ఎర్త్ పిట్టు (ఎర్తింగ్ కోసం తీసిన గుంత), మీటరు తరువాతి మెయిన్ స్విచ్చు, అక్కడి నుంచి ఇంట్లోకి వెళ్లే కేబులు యజమానివి. చట్టం దృష్టిలో వినియోగదారుడు బిగించుకున్న స్విచ్‌గేర్ (మెయిన్ స్విచ్చు వంటి సామగ్రి) లోకి కరెంటు ప్రవేశించే టెర్మినలే సరఫరా మొదలయ్యే స్థానం. అంటే హద్దు గీత సరిగ్గా ఆ రేకు బాక్సు మధ్యలోంచి పోతుంది. గీతకు ఇటు యజమాని, అటు సంస్థ తమ తమ సామగ్రిని సురక్షితంగా ఉంచాలని భద్రతా నియమాలు రెండు పక్షాలకూ చెప్పాయి. సంస్థకు చెందిన ఫేజు తీగ (కరెంటును తెచ్చే తీగ) ఇన్సులేషన్ చెడి యజమానికి చెందిన బాక్సుకు తగిలితే ఆ లోపం ఎవరిది? ప్రమాదం జరిగాక ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు విచారణలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. అంతకు ముందు ఎవరూ దీన్ని అడగరు.

కోర్టులు ఈ విషయంలో ఉదాసీనంగా లేవు. మధ్యప్రదేశ్‌లో రోడ్డు మీద పడి ఉన్న తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్న వ్యక్తి చనిపోయిన కేసులో, ఎవరో కరెంటు దొంగిలించడానికి వేసిన తీగ అది అన్న విద్యుత్ బోర్డు వాదనను సుప్రీంకోర్టు 2002లో తోసిపుచ్చి, ప్రమాదకరమైన శక్తిని సరఫరా చేసే సంస్థకు నిర్లక్ష్యంతో నిమిత్తం లేకుండా బాధ్యత ఉంటుందని చెప్పింది. అది ప్రజలకు పెద్ద రక్షణ. కానీ ఆ తీగ ఉన్నది బహిరంగ రహదారి మీద. ప్రైవేటు స్థలంలో, మీటరు దాటిన తరువాత, యజమాని చేయించుకున్న పనిలో లోపం వల్ల పనిమనిషికో, పేపరు వేసే కుర్రాడికో షాకు కొడితే అదే రక్షణ అదే బలంతో దొరుకుతుందని ధీమాగా ఉండలేం. అందుకే గీత ఎక్కడుందో కాగితం మీద ముందే ఉండాలంటున్నాను.

ఎర్తింగ్ ఉంటే చాలునని నమ్మేవారి కోసం ఒక చిన్న లెక్క చెబుతాను. ఇనుప బాక్సుకు ఎర్తింగ్ ఉందని, దాని నిరోధం 5 ఓమ్‌లని అనుకుందాం. ఇంటి ముంగిట్లో ఒక్క పిట్టుతో అంత తక్కువ రావడం అరుదు. ఫేజు తీగ బాక్సుకు తగిలితే 230 వోల్టులను 5తో భాగించగా 46 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి న్యూట్రల్ ఎర్త్ నిరోధాన్ని కూడా కలిపితే అంతకంటే తక్కువే. గృహాల్లో విరివిగా వాడే 32 ఆంపియర్ల సి రకం ఎంసీబీ (హద్దు మించి కరెంటు పారితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) తక్షణం పడిపోవాలంటే 160 నుంచి 320 ఆంపియర్ల దాకా కావాలి. 46 ఆంపియర్ల దగ్గర అది గంట వరకు పడకుండా ఉన్నా ప్రమాణం ప్రకారం తప్పు కాదు. ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లైతే పారేది పదకొండున్నర ఆంపియర్లు, అంటే ఒక పెద్ద గీజరు తీసుకునేంత. దాన్ని ఆ ఎంసీబీ లోపంగా గుర్తించదు. ఆ సేపంతా బాక్సు మీద మనిషి ప్రాణం తీయగల వోల్టేజీ ఉంటుంది. కటౌట్‌లో ఫ్యూజు తీగ బదులు మందపాటి రాగి తీగ చుట్టి ఉంటే ఇక చెప్పేదేముంది?

ఈ లోపాన్ని పట్టుకునేది ఆర్‌సీసీబీ. ఫేజులో పోయిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా కనిపించగానే అది సరఫరాను తెంచుతుంది. గృహ సర్వీసులకు ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు మించరాదని 2010 నాటి భద్రతా నియమాలే చెప్పాయి. 5 కిలోవాట్లకు లోపు సింగిల్ ఫేజు సర్వీసులకు అప్పట్లో మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపును మన వాళ్లు ఆర్‌సీసీబీ అసలే అక్కరలేదన్నట్టు అర్థం చేసుకున్నారు. పెట్టుకున్న వారి ఇళ్లలో కూడా అది ఎక్కడ ఉంటున్నది? హాల్లోని డిస్ట్రిబ్యూషన్ బోర్డులో. పిల్లరు బాక్సులో జరిగే లోపం దానికి ముందే ఉంది కాబట్టి, ఎంత ఖరీదైన ఆర్‌సీసీబీ అయినా దాన్ని చూడలేదు. గేటు నుంచి ఇంటి దాకా భూమిలో వెళ్లే కేబులుకూ అదే గతి.

పరిష్కారం కష్టమైనది కాదు. మీటరు ఉండే భాగానికి ఇనుము వాడకుండా, విద్యుత్తు పారని ఎస్ఎంసీ (గాజు నార కలిపిన ప్లాస్టిక్) లేదా పాలికార్బొనేట్ బాక్సు పెట్టాలి. మీటరు దాటిన వెంటనే పిల్లరులోనే కొద్దిపాటి ఆలస్యంతో పనిచేసే 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని, ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల దాన్ని పెట్టాలి. అప్పుడు ఇంట్లో లోపానికి ఇంట్లోదే పడుతుంది, దారిలోని కేబులును పిల్లరులోది కాపాడుతుంది. యజమానికి గ్రానైటు మీద మనసు ఉంటే పిల్లరుకు ఎంతైనా అతికించుకోవచ్చు, తలుపు మాత్రం ఇనుపది కాకూడదు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి ఇనుప రేకును త్వరగా తినేస్తుందని వేరే చెప్పనక్కరలేదు. దానికంటే లోపల జరిగేది ప్రమాదకరం. సర్వీసు కేబులు అల్యూమినియం, మీటరు టెర్మినల్ ఇత్తడి, మెయిన్ స్విచ్చుకు వెళ్లే తీగ రాగి. తేమలో ఈ లోహాలు నేరుగా కలిసిన చోట తుప్పు పట్టి, బిగింపు వదులై, వేడెక్కి కాలిపోతాయి. ద్విలోహ లగ్గులు (రెండు లోహాలతో చేసిన, తీగ చివర బిగించే ముక్కలు) వాడితే, ఏడాదికోసారి సరఫరా ఆపించి బిగింపులు చూపిస్తే ఈ బాధ ఉండదు. త్రీ ఫేజు సర్వీసులో న్యూట్రల్ బిగింపు వదలడం మరీ అన్యాయం. ఒక గదిలో లైట్లు మసకబారి మరో గదిలో టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. కేబులును బాక్సులోకి పైనుంచి కాకుండా అడుగునుంచి గ్లాండు (కేబులు చుట్టూ బిగుతుగా పట్టే బిగింపు) ద్వారా తీసుకురావాలి, లేకపోతే వాన నీరు తీగ వెంటే లోపలికి దిగుతుంది. విశాఖ కొండవాలు కాలనీల్లో మరో చిక్కు ఉంది. కొద్ది లోతులోనే ఖోండలైట్ రాయి తగులుతుంది కాబట్టి, ప్రమాణం చెప్పిన రెండున్నర మీటర్ల ఎర్త్ పైపు నిలువుగా దిగదు. అటువంటి చోట కడ్డీని కోసి పాతేయడానికి బదులు, రాయి లేని మూల వెతికి పిట్టు తీయాలి, లేదా నేలలో అడ్డంగా జీఐ పట్టీ పరచాలి.

కేబులు లోతు గురించి క్లుప్తంగా చెబుతాను. తక్కువ వోల్టేజీ కేబులు 75 సెంటీమీటర్ల లోతున, ఇసుక పరుపు మీద, పైన ఇటుకలతో, హెచ్చరిక టేపుతో వెళ్లాలి. గేటు ర్యాంపు కింద, డ్రెయిను దాటే చోట గట్టి పైపులో వెళ్లాలి. సంపు తవ్వినప్పుడు, బోరు వేసినప్పుడు తెగుతున్న కేబుళ్లలో ఎక్కువ భాగం ఒక అడుగు లోతున ఉన్నవే. పిల్లరు పునాది ఎత్తు సంగతి మనకు విజయవాడ నేర్పింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, కింద ఉన్న మీటర్లు, స్విచ్చులు నీళ్లలో నానాయి, వాటిని తనిఖీ చేయకుండా సరఫరా ఇవ్వడం సాధ్యం కాలేదు. ఆ వీధిలో ఎప్పుడైనా నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో పక్కింటి పెద్దవాళ్లను అడిగి, మీటరు అడుగు అంతకు పైన ఉండేలా కట్టించుకోవడానికి అదనంగా అయ్యేది నాలుగు వరుసల ఇటుకలు.

పిల్లరు ప్రహరీ వరుసలోనే ఉండాలి, తలుపు వీధి వైపు తెరుచుకోవాలి. మీటరు రీడరు గేటు తీయించకుండా రీడింగు తీసుకోగలగాలి, లోపల ఏదైనా కాలుతుంటే లైన్‌మన్ గోడ దూకకుండా సరఫరా ఆపగలగాలి. ప్రహరీ దాటి ఫుట్‌పాత్ మీద పిల్లరు కట్టుకోవడం ఆక్రమణే. దీన్ని చూసీచూడనట్టు వదిలేయడంలో పురపాలక సిబ్బందికి, మనకు సమాన వాటా ఉంది. పిల్లరుకో, దాని పక్కన పైపుకో బట్టలు ఆరేసే ఇనుప తీగ కట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. మన ఊళ్లలో ఆ తీగల వల్ల పోయిన ప్రాణాలు ఎన్నో.

పైకప్పు సౌర ఫలకాల వల్ల పిల్లరుకు ఇంకో పని వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల కేంద్ర రాయితీ ఉండటంతో ఫలకాలు పెట్టించుకునేవారు పెరిగారు. గ్రిడ్డులో కరెంటు పోగానే సౌర ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలి, సాధారణంగా ఆగుతుంది కూడా. అయితే జనరేటరును మార్పిడి స్విచ్చు లేకుండా ఇంటి వైరింగుకు తగిలించే అలవాటు వల్ల స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు వెనుకనుంచి కరెంటు వచ్చే ముప్పు ఎప్పటి నుంచో ఉంది. వీధి వైపు నుంచి అందే చోట, ఏది ఏమిటో రాసి ఉన్న వేరుచేసే స్విచ్చు పిల్లరులో ఉంటే అతనికి ఆ అనుమానం ఉండదు.

ఇవన్నీ చట్టంలో లేనివి కావు. కొత్త కనెక్షను ఇచ్చే ముందు సరఫరాదారు వినియోగదారుడి వైరింగును తానైనా పరీక్షించాలి, లేదా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకం చేసిన పరీక్షా ఫలితాలనైనా అంగీకరించాలి. వినియోగదారుడికి అందుబాటులో ఒక ఎర్త్ టెర్మినలు ఏర్పాటు చేసి నిర్వహించడం కూడా సరఫరాదారు విధుల్లో ఉంది. పరీక్ష విషయంలో ఆచరణలో కాంట్రాక్టరు సంతకం మార్గమే నడుస్తోంది. మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే పరికరం) తాకకుండానే, ఎర్త్ టెస్టరు బ్యాగులోంచి తీయకుండానే అంకెలు నింపి సంతకాలు పెట్టే కాంట్రాక్టర్లు మా వృత్తిలో ఉన్నారు. ఆ కాగితాన్ని చదవకుండానే ఫైలులో పెట్టే కార్యాలయాలూ ఉన్నాయి. పైగా వినియోగదారుల హక్కుల నియమాలను 2024లో సవరించి, కొత్త కనెక్షను గడువును మహానగరాల్లో 3 రోజులకు, ఇతర పురపాలక ప్రాంతాల్లో 7 రోజులకు, గ్రామాల్లో 15 రోజులకు కుదించారు. త్వరగా ఇవ్వడం మంచిదే, నేను హర్షిస్తాను. అయితే ఆ తొందరలో మొట్టమొదట కోత పడేది పరీక్షకేనని అనుభవం చెబుతోంది. పరీక్షకు పట్టేది అరగంట. నిజానికి పిల్లరు ముందే సిద్ధంగా ఉంటే ఆ అరగంట గడువుకు అడ్డం కాదు.

కాబట్టి రెండు రాష్ట్రాల పంపిణీ సంస్థలకు, విద్యుత్ నియంత్రణ మండళ్లకు నా విన్నపం ఇది. సింగిల్ ఫేజు, త్రీ ఫేజు గృహ పిల్లర్లకు కొలతలతో కూడిన నమూనా చిత్రాన్ని తెలుగులో తయారు చేసి దరఖాస్తుతో పాటే ఇవ్వండి. అందులో సంస్థ ఆస్తిని ఒక రంగులో, యజమాని ఆస్తిని మరో రంగులో చూపి, ఇద్దరూ సంతకం చేసిన ప్రతిని యజమానికి అప్పగించండి. మీటరు బిగించే రోజున ఎర్త్ నిరోధాన్ని యజమాని ఎదుట కొలిచి, ఆ అంకెను, తేదీని బాక్సు తలుపు లోపలి వైపు రాయండి. మీటరు తరువాత ఆర్‌సీసీబీ లేని పిల్లరుకు, సర్వీసు ఎన్ని కిలోవాట్లదైనా సరే, సరఫరా ఇవ్వకండి. ఇప్పటికే ఉన్న ఇనుప బాక్సులను ఒక్కసారిగా మార్చమనడం న్యాయం కాదు, లోడు పెంపుకో పేరు మార్పిడికో దరఖాస్తు వచ్చినప్పుడు మార్పించవచ్చు.

పిల్లరు ఇప్పటికే కట్టుకున్న పాఠకులు ఈ చిత్రం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. అది పడకపోతే మార్పించండి. బాక్సు తాకినప్పుడు వేళ్లు జివ్వుమన్నా, తలుపు దగ్గర కాలిన వాసన వచ్చినా దాన్ని తెరవకుండా 1912కు ఫోను చేయండి. మీటరుకు ముందు వైపు లోపమని తేలిన తరువాత కూడా మరమ్మతు ఖర్చు మీరే భరించాలని ఎవరైనా అంటే, ఆ మాట రాతపూర్వకంగా అడిగి తీసుకుని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షను ఈ రెండు తలుపులనూ మన కోసమే తెరిచి ఉంచింది, అక్కడికి వకీలు లేకుండా కూడా వెళ్లవచ్చు.

భవదీయుడు,
ఒక విద్యుత్ వైరింగ్ కాంట్రాక్టరు,
విశాఖపట్నం